ఆ మాత్రం చాలట!

మొన్న ఒక పెళ్ళిలో భోజనాల దగ్గర నా పక్కాయన తమ పనిమనిషి కొడుక్కి కొనిచ్చిన లాప్‌టాప్ సంగతి ఎత్తాడు. తక్కువ ధరలో వచ్చిందట. అన్ని పనులూ చెయ్యదట. "వాడికి ఆ మాత్రం చాలు లెండి" అన్నాడు, పప్పులోకి రెండోసారి నెయ్యి వేయించుకుంటూ. పెళ్ళివారి విస్తరి ముందు పోట్లాట బాగుండదని ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను.

'ఆ మాత్రం' అంటే ఎంత మాత్రమో 2004లోనే మైక్రోసాఫ్ట్ లెక్కగట్టింది. మూడు! విండోస్ ఎక్స్‌పీ స్టార్టర్ ఎడిషన్ అని పేరు పెట్టి థాయ్‌లాండ్, మలేసియా, ఇండోనేసియా, రష్యా, మన దేశం అని ముందుగా ఐదు చోట్లు ఎంచుకుంది. అందులో ఒకేసారి మూడు ప్రోగ్రాములే తెరుచుకుంటాయి. నాలుగోది నొక్కితే కుదరదంటుంది. ఇంట్లో నలుగురుంటే నలుగురికీ ఒకటే ఖాతా. రెండు కంప్యూటర్లు కలుపుకుందామంటే అదీ లేదు. అమెరికావాడికి మాత్రం ఈ సరుకు అమ్మలేదు.

ఇదంతా కొత్తగా నేర్చుకునేవాళ్ళు తికమకపడకుండా ఉండటానికట. మా వీధి చివర కిరాణా కొట్టావిడ చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, చేత్తో కందిపప్పు తూస్తూ, ఎదురుగా ముగ్గురితో బేరమాడుతూ, నాలుగోవాడి పాత బాకీ నోటిలెక్కన చెబుతుంది. ఆవిడ నాలుగో కిటికీ తెరిస్తే తికమకపడుతుందా?

హోటల్లో ప్లేటు మీల్స్ లేదా, ఇదీ అంతేగా అంటారు. కాదు. ప్లేటు మీల్స్‌లో అన్నం తక్కువ, వండినవాడికి బియ్యం ఖర్చూ తక్కువ. ఇక్కడ వంటంతా ఒకటే. వండిందాన్ని తగ్గించటానికి మళ్ళీ కొంత పని చేశారు. నూర్పిళ్ళప్పుడు ఎద్దు మూతికి చిక్కం కడతాం. ధాన్యం కాళ్ళ కిందే ఉంటుంది, నోటికి అందదు. చిక్కం అల్లటానికి కూలి కూడా ఇవ్వాలి!

నమ్మకం లేకపోతే 2009లో వచ్చిన విండోస్ 7 స్టార్టర్ చూడండి. ముందు అందులోనూ మూడు ప్రోగ్రాముల కట్టడే అన్నారు. జనం గోల పెడితే విడుదలకు ముందే ఎత్తేశారు. ఎత్తేస్తే కొంపేమీ మునగలేదు. కానీ తెర మీద బొమ్మ మార్చుకోవటానికి వీల్లేకుండా చేశారు. బొమ్మండీ, బొమ్మ! డబ్బు పెట్టి కొన్న యంత్రం మీద కూతురి ఫొటో పెట్టుకోకూడదు. అద్దింట్లో మేకు కొట్టనివ్వని ఇంటి ఓనరు కూడా క్యాలెండరు మార్చుకోనిస్తాడు. ఇంకాస్త డబ్బు కట్టి ఒక తాళంచెవి నెంబరు కొడితే మాత్రం, ఏ డిస్కూ పెట్టకుండానే, నిమిషాల్లో అన్నీ తెరుచుకునేవి. అంటే అన్నీ లోపలే ఉన్నాయి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వకపోవడమంటే ఇదే.

ఈ కిటుకు కొత్తది కాదు. 1991లో ఇంటెల్ 486ఎస్‌ఎక్స్ అని ఒక చిప్ అమ్మింది. లెక్కలు వేగంగా చేసే విభాగాన్ని పనిచేయకుండా చేసి అమ్మిన సరుకది. అంతకు చాలా ముందే, 1849లో, ద్యూపుయి అనే ఫ్రెంచి ఇంజనీరు రైళ్ళలో మూడో తరగతి పెట్టెలకు కప్పు ఎందుకు లేదో రాశాడు. కప్పు వేయలేక కాదు. రెండో తరగతికి డబ్బివ్వగలవాడు భయపడి ఇటు రాకుండా ఉండటానికి. పేదవాడు వానలో తడవాలి, పక్క పెట్టెవాడు చూడాలి.

రైలంటే గుర్తొచ్చింది. మనం మూడో తరగతి అన్న పేరును 1974లో తీసేశాం. బల్ల మాత్రం చెక్కబల్లే. తర్వాత రైల్వే మంత్రిగా వచ్చిన మధు దండవతే రెండో తరగతి బెర్తుల మీద రెండంగుళాల ఫోము వేయించాడు. అప్పుడూ ఎవరో ఒకరు, వాళ్ళకి చెక్కబల్ల చాలు అనే ఉంటారు.

దొంగ కాపీలు తగ్గుతాయన్న వాదన ఒకటుంది. మూలనున్న కొట్టులో మొత్తం సరుకు దొరుకుతుంటే చిక్కం కట్టింది ఎవడు కొంటాడు? దాని గురించి ఇంతకంటే అనవసరం.

మరేం చెయ్యమంటావు అంటారా? థాయ్‌లాండ్ ప్రభుత్వం 2003లో చవక కంప్యూటర్ల పథకం పెట్టి వాటిల్లో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేయించింది. అంతటితో మైక్రోసాఫ్ట్ ధర దిగొచ్చింది. కేరళ బడుల్లో పిల్లలు ఏళ్ళ తరబడి లినక్స్ మీదే చదువుకుంటున్నారు. మన దగ్గర అదెలా చేయాలో ప్రభుత్వాలూ పంతుళ్ళూ కూర్చుని తేల్చుకోవాలి. నా వంతుగా ఆ పక్కాయనకు, పిల్లాణ్ణి లాప్‌టాప్ ఇచ్చి ఓ ఆదివారం మా ఇంటికి పంపమని కబురు పెట్టాను. ఇంతవరకూ జవాబు లేదు.