చిన్న గదిలో రికార్డయిన గొంతు

జోనీ మిచెల్ పేరు మీలో కొందరైనా విని ఉంటారు. కెనడా గాయని. రాసేదీ, బాణీ కట్టేదీ, గిటార్ పట్టుకుని పాడేదీ ఆమే. 1971లో వచ్చిన 'బ్లూ' ఆల్బమ్‌ను లోకమంతా మెచ్చుకుంది. నేను మాత్రం అంతకంటే ముందు, కాఫీ హౌసుల్లో ఒక్కతే పాడిన రోజుల రికార్డింగులు వినమంటాను. ఎందుకో చెప్తా.

1967 అక్టోబరులో అమెరికాలోని యాన్ ఆర్బర్‌లో, క్యాంటర్‌బరీ హౌస్ అనే చిన్నచోట పాడింది. అప్పటికి ఆమెకు ఒక్క ఆల్బమ్ కూడా లేదు. ఆ రికార్డింగులో పాటల మధ్య ఆమె తీగలు సవరించుకోవడం వినిపిస్తుంది. తొమ్మిదేళ్లప్పుడు పోలియో వచ్చి ఆమె ఎడమ చెయ్యి బలహీనపడింది. అందరూ పట్టే పట్లు కష్టమై, గిటార్‌ను తన చేతికి తగ్గట్టు వేరే శ్రుతుల్లో పెట్టుకుంది. అందుకే మాటిమాటికీ శ్రుతి మార్చాలి. ఆ కాసేపు జనంతో కబుర్లు చెబుతుంది. స్టూడియో ఆల్బమ్‌లో ఇదంతా ఉండదు. ఇక్కడ పాటతో పాటు ఆ చెయ్యి పడే కష్టం కూడా తెలుస్తుంది.

ఇంకో సంగతి. 1965లో ఆమెకు ఆడపిల్ల పుట్టింది. చేతిలో డబ్బు లేదు, తోడు లేదు. బిడ్డను దత్తతకు ఇచ్చేసింది. ఆ బిడ్డ మీద 'లిటిల్ గ్రీన్' పాట కట్టి 1967లోనే జనం ముందు పాడింది. ఆ పాట ఎవరి గురించో లోకానికి తెలిసింది 1990లలో. ఇప్పుడు మనకు తెలుసు. తెలిసి ఆ గొంతు విని చూడండి, ఎట్లుంటదో!

'సౌండ్ బాగోలేదు కదా' అంటారు కొందరు. నిజమే, బాగోలేదు. పాతవన్నీ గొప్పవనీ నేను అనను. కొన్ని ఒకసారి వింటే చాలు. కానీ లోపాలన్నీ తుడిచేస్తే మనిషి కూడా తుడిచిపెట్టుకుపోయే ప్రమాదం ఉంది.

జోనీకే ఈ తొలినాళ్ల పాటలంటే చాలాకాలం చిన్నచూపు. తనను ఫోక్ సింగర్ అంటే ఒప్పుకునేది కాదు. 2020లో 1963 నుంచి 1967 దాకా పాడినవి విడుదల చేసేటప్పుడు మళ్లీ విని మనసు మార్చుకుంది. అందులో చాలా పాటలు ఆ రికార్డింగుల్లో తప్ప ఇంకెక్కడా లేవని ఆమే చెప్పింది.

మరి వీటిని దాచిందెవరు? రేడియో స్టేషన్లు, కాఫీ హౌసులు, పాటంటే ప్రాణమిచ్చే మనుషులు. 1968 మార్చి 19న ఒట్టావాలోని 'లె ఇబూ'లో ఆమె పాడుతోంది. అదే రాత్రి ఆ ఊళ్లో కచేరీ ఉన్న జిమీ హెండ్రిక్స్ పెద్ద టేప్ రికార్డర్ మోసుకుని వచ్చాడు. రికార్డు చేసుకోవచ్చా అని ముందు అడిగాడు. వేదిక అంచున మోకాళ్ల మీద కూర్చుని రికార్డు చేశాడు. అప్పటికే పేరు మోసిన గిటారిస్టు, ఇంకా ఎవరికీ పెద్దగా తెలియని అమ్మాయి ముందు అట్లా కూర్చున్నాడు! కొద్ది రోజులకే ఆ టేపును ఎవరో దొంగిలించారు. ఏళ్ల తరబడి దాని జాడ లేదు. చివరికి ఒకరి సొంత సేకరణలో బయటపడి, కెనడా జాతీయ ఆర్కైవ్స్‌కు చేరి, 2021లో జనం చెవిన పడింది.

అది దొరకడం అదృష్టం. దొరకనివి ఎన్నో! మన చేతిలో ఇప్పుడు ఫోన్లున్నాయి. మీ ఊళ్లో పాట కట్టే అక్కనో, తాతనో రికార్డు చేయండి. ముందు అడిగి చేయండి. మధ్యలో వచ్చే దగ్గునూ, నవ్వునూ కత్తిరించకండి. ఒక కాపీ పాడినవాళ్లకే ఇవ్వండి. ఆ పాట ముందు వాళ్లది, ఆ తర్వాతే మనది.