పెద్దగా కాదు, అందరికీ కనిపించాలి

పిల్లల టెలిస్కోప్‌కి కొత్త ఐపీస్ కొందామంటే ఇంట్లో ముందు అడిగేది "ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది?" అని. నన్నడిగితే అది రెండో ప్రశ్న. మొదటిది "ఎంతమందిమి చూడగలం?" అని.

లెక్క తేలికే. టెలిస్కోప్ ఫోకల్ లెంగ్తుని ఐపీస్ మీది అంకెతో భాగించాలి. మావాడిది 70 మిల్లీమీటర్ల లెన్సు, 700 ఫోకల్ లెంగ్తు. 4 మిల్లీమీటర్ల ఐపీస్‌కి 3 రెట్ల బార్లో తగిలిస్తే 525! డబ్బాల మీద గొప్పగా వేసే అంకెలు ఇలాంటివే. కానీ ఆ లెన్సుకి 140 దాటితే బొమ్మ పెరుగుతుంది, వివరం పెరగదు. మజ్జిగలో నీళ్లు పోసినట్టే.

అందుకే టిక్కీలు అమ్మిన డబ్బుతో పెద్ద సెట్టు కొనొద్దు, ఒక్క మంచి 25 మిల్లీమీటర్ల ప్లోసల్ చాలంటాను. 28 రెట్లే, అయినా చందమామ మొత్తం పడుతుంది, గురుడి నాలుగు చంద్రులూ చుక్కల్లా కనిపిస్తాయి. మా అత్తయ్యగారికి సిలిండర్ పవరుంది, కళ్లజోడు తీస్తే కుదరదు. దీంట్లో జోడుతోనే చూడొచ్చు. చిన్న అంకె ప్లోసల్‌కి కన్ను బాగా దగ్గరగా ఆనించాలి. శని వలయాల కోసం 10 మిల్లీమీటర్లది తర్వాత చూసుకోవచ్చు.

కొనేముందు ఐపీస్ పెట్టే చోటు 1.25 అంగుళాలదో, పాతరకం 0.965దో కొలవండి. మిరపకాయలు ముట్టిన చేత్తో పట్టుకోకండి, కొంగుతో తుడవకండి.

పిల్లాడొక్కడే చూస్తుంటే సరదా నెలలో తీరిపోతుంది. నాయనమ్మ "ఏదిరా, నాకూ చూపించు" అంటే రేపు కూడా డాబా ఎక్కుతాడు. ఏమంటారు?