నడిరాత్రి ఉక్కిరిబిక్కిరి

ఈ సంగతి పత్రికలో వ్రాయవచ్చునా, కూడదా అని మేము కొంత తటపటాయించిన మాట నిజం. మన పత్రిక ఇంటిల్లిపాదీ చదివేది. తాతగారు చదివి బల్లమీద పెడితే మనుమరాలు తీసుకొని చదువుతుంది. అటువంటి పత్రికలో ముట్టు ఆగిపోవడం గురించీ, ఆడవారి గురక గురించీ వ్రాస్తే ఎవరైనా ముఖం చిట్లిస్తారేమో అనుకున్నాము. కాని ఇది ఇంటిల్లిపాదీ చదవవలసిన సంగతే. ఎందుకో చెప్పడానికి ముందుగా ఒక ఇల్లాలి కథ చెబుతాము.

షోలాపూరులో మాకు తెలిసిన కుటుంబం ఒకటి వున్నది. మూడు తరాల క్రితం మగ్గం పనికోసం తెలంగాణా నుంచి తరలివెళ్ళినవారు. ఇంట్లో తెలుగు, వీథిలో మరాఠీ. ఆ ఇంటి ఇల్లాలికి 51 ఏళ్ళు. కొంతకాలంగా ఆవిడకు రాత్రి ఒంటిగంట, రెండు గంటల ప్రాంతంలో ఎవరో గొంతు పట్టుకొని నొక్కినట్టయి దిగ్గున మెలకువ వచ్చేది. నాలుక పిడచగట్టుకుపోయేది. గుండె దడదడ కొట్టుకునేది. చెంబెడు నీళ్ళు తాగి, కిటికీ దగ్గర కాసేపు నిలబడి, మళ్ళీ పడుకునేది. తెల్లవారి లేస్తే తల దిమ్ము. మధ్యాహ్నం బీడీలు చుడుతూ చుడుతూ ఒళ్ళో చాట వుండగానే తూగేది. అత్తగారు దిష్టి తీసింది. పక్కింటావిడ, ఏదో గుండెలమీద కూర్చుంటున్నదని చెప్పి తాయెత్తు కట్టించుకోమన్నది.

చివరకు కొడుకు డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాడు. ఆవిడకు బజారు మరాఠీ వచ్చుగాని ఒంట్లో బాధ విప్పి చెప్పుకునేంత రాదు. కొడుకే దుబాసీ అయినాడు. “గొంతు పట్టేస్తున్నదిరా, ఒళ్ళంతా ఆవిర్లు కమ్ముతున్నాయి, ఊపిరి ఆగి మెలకువ వస్తున్నది” అని తల్లి చెప్పింది. కొడుకు దానిని “గొంతు నొప్పి, నిద్ర పట్టడం లేదు” అని ముక్తసరిగా మరాఠీ చేశాడు. బహిష్టులు సరిగా వస్తున్నాయా అని డాక్టరు అడిగితే కొడుకు నేల చూపులు చూశాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. “అంతా బాగానే వున్నది” అని కొడుకే సమాధానం చెప్పేశాడు. గొంతుకు ఒక మందు, నిద్రకు ఒక మాత్ర వ్రాసి ఇచ్చారు. మాత్ర వేసుకున్నాక మెలకువలు తగ్గినవి గాని పొద్దుటి తలనొప్పి రెట్టింపయింది. డాక్టరును తప్పుపట్టడానికి లేదు. ఆయన చెవికి చేరినదానికి ఆయన మందిచ్చారు.

ఈ విధంగా ఎనిమిది నెలలు గడిచినవి. ఒకనాడు చంటిబిడ్డతో కోడలు ఆవిడ గదిలో పడుకున్నది. అత్తగారు గురక పెడుతూ పెడుతూ ఒక్కసారిగా ఆగిపోయింది. గది నిశ్శబ్దం. పొట్ట ఎగిసిపడుతున్నదిగాని ఊపిరి చప్పుడు లేదు. పది, పదిహేను, ఇరవై అని లెక్కపెట్టేసరికి, నీళ్ళలో మునిగి పైకి తేలిన మనిషిలాగా ఎగశ్వాసతో కదిలి మళ్ళీ గురక మొదలుపెట్టింది. ఆ అమ్మాయి తన ఫోనులో దీనిని పట్టి, మరునాడు తానే వెంటబెట్టుకొని డాక్టరు దగ్గరకు వెళ్ళింది. పాళీ ఆగి రెండేళ్ళయిందని ఆమే చెప్పింది. ఫోను వినిపించింది. అప్పుడు గాని అసలు పరీక్ష జరగలేదు.

ఆ ఇల్లాలికి వచ్చినది నిద్రలో ఊపిరి ఆగే జబ్బు. స్లీప్ ఆప్నియా అంటారు. మనం నిద్రపోయినప్పుడు ఒళ్ళంతా సడలినట్టే నాలుక మొదలు, కొండనాలుక చుట్టూ వున్న కండరాలు కూడా సడలుతాయి. కొందరిలో ఆ సడలిన కండ గొంతులోని గాలిదారిని మూసివేస్తుంది. పది సెకండ్లు, అంతకు మించి గాలి ఆగితే దానిని ఒక లెక్కగా వేస్తారు. గంటకు అటువంటివి, సగం మూతపడినవాటితో కలిపి, 5 దాటితే జబ్బు వున్నట్టు. 15 దాటితే మధ్యరకం. 30 దాటితే తీవ్రం. ఊపిరి ఆగిన ప్రతిసారీ మెదడు ఉలిక్కిపడి మనిషిని పైపైకి లేపుతుంది. అందుచేత ఎనిమిది గంటలు పడుకున్నా నిద్రపోయినట్టుండదు. సంవత్సరాల తరబడి ఉపేక్షిస్తే రక్తపోటు పెరుగుతుంది, గుండెకు చేటు చేస్తుంది.

ముట్లుడిగే వయస్సుతో దీనికి సంబంధం ఏమిటని అడగవచ్చు. సంబంధం చాలా వున్నది. మన దేశపు స్త్రీలలో సగటున 46, 47 ఏళ్ళ ప్రాంతంలో బహిష్టులు నిలిచిపోతాయి. వరసగా 12 నెలలు రాకపోతే నిలిచిపోయినట్టే లెక్క. అంతవరకు శరీరంలో ఊరుతూ వచ్చిన ప్రొజెస్టిరోను అనే హార్మోను ఊపిరిని ప్రేరేపించేది. గొంతు కండరాలను బిగువుగా వుంచడంలో కూడా దానికి పాలు వున్నది. అది తగ్గిపోతుంది. ఈస్ట్రోజెను తగ్గినందువల్ల నోటిలో, గొంతులో తడి తగ్గుతుంది. కొవ్వు తుంటి దగ్గరనుంచి నడుముకు, మెడకు చేరుతుంది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో స్త్రీలను పరిశీలించి 2003లో ప్రకటించిన లెక్కలో, ముట్లుడిగినవారికి ఈ జబ్బు వుండే అవకాశం ముట్లు వస్తున్నవారికంటె సుమారు రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. వయస్సునూ, లావునూ తీసివేసి లెక్కకట్టినా అంత తేడా వచ్చింది. సన్నగా వున్నవారికి రాదనుకోవద్దు. దవడ చిన్నదైతే వారికీ వస్తుంది.

మగవారికి ఈ జబ్బు వస్తే ఇల్లు అదిరేటట్టు గురక పెడతారు, అందరికీ తెలుస్తుంది. ఆడవారికి తరచు గురక అంత పెద్దది వుండదు. నిద్ర పట్టకపోవడం, పొద్దున తలనొప్పి, పగలంతా నీరసం, చీటికిమాటికి విసుగు, మరుపు – ఇవీ కనిపించేవి. వీటిని చూసి “నరాల బలహీనత” అనీ, “ఆ వయస్సు అంతే” అనీ కొట్టిపారవేయడం పరిపాటి. ఆడది గురక పెట్టడమేమిటని నవ్వే ఇళ్ళు కూడా మనలో లేకపోలేదు. ఆ నవ్వుకు భయపడి వేరే గదిలో పడుకునే తల్లులు మాకు తెలుసు. వేరే గదిలో పడుకుంటే ఊపిరి ఆగిన సంగతి వినేవారెవరు?

అయితే రాత్రి గొంతు పట్టినదల్లా ఈ జబ్బేనని మేము అనడం లేదు. ఆమ్లం పైకి ఎగదన్నడం మరొక పెద్ద కారణం. పుల్లని త్రేన్పులు, పొద్దున గొంతు బొంగురు, గొంతులో ముద్ద అడ్డుపడ్డట్టుండి మింగితే పోకపోవడం – ఇవి దాని గుర్తులు. పొట్టలోని పులుపు పైకి వచ్చి స్వరపేటికకు తగిలితే అది టక్కున మూసుకుంటుంది. ఆ కొద్ది సెకండ్లూ ప్రాణం పోయినట్టే వుంటుంది. తరువాత దానంతట అదే సడలుతుంది. అప్పుడు కంగారుపడి నోటితో గాలి గుంజుకోకుండా ముక్కుతో మెల్లగా పీల్చుకోవాలి. దీనికి వైద్యులు చెప్పేది, పడుకోవడానికి మూడు గంటల ముందే భోజనం కావాలని. మన ఇళ్ళలో ఇది జరిగే పనేనా? మగవారు తొమ్మిదిన్నరకు వస్తారు. వారికి వడ్డించి, పిల్లలకు పెట్టి, అందరూ తిన్నాక పదిగంటలకు మిగిలినదానితో ఇల్లాలు కంచం ముందు కూర్చుంటుంది. గిన్నెలు కడిగి పదిన్నరకు నడుము వాలుస్తుంది. ఇటువంటి ఇల్లాలికి మందు సీసా కొనే ముందు, ఎనిమిదికే తినమని ఇంట్లోవారు చెప్పడం మేలు. ఆవిడ తనంతట తాను తినదు. ఈ వ్యాసం మగవారు కూడా చదవాలని మేము కోరుకునేది ఇందుకే. మంచం తలవైపు కోళ్ళ క్రింద ఆరంగుళాల ఎత్తు దిమ్మలు పెట్టడం, ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం కూడా గుణమిస్తాయి. దిండ్లమీద దిండ్లు వేసుకుంటే పొట్ట మడతపడి బాధ పెరుగుతుంది.

థైరాయిడు గ్రంథి మందగించడం ఈ వయస్సు స్త్రీలలో ఎక్కువ. దానివల్ల గొంతు బొంగురుపోతుంది, ఒళ్ళు వస్తుంది, ఊపిరి ఆగే జబ్బు కూడా తోడవుతుంది. ఒక్క రక్తపరీక్షతో బయటపడే దీనిని వదిలివేయడం తప్పు. ఉబ్బసం కొందరికి ఈ వయస్సులోనే మొదటిసారిగా పట్టుకుంటుంది. తెల్లవారుజామున దగ్గు, ఛాతీలో పిల్లికూతలు దాని జాడ. బీడీ పొగాకు దుమ్ములోనో, మిల్లు నూగులోనో కూర్చునేవారు ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. రక్తపోటు మాత్రలలో పేరు చివర “ప్రిల్” అని వచ్చేవి కొన్ని వున్నవి – ఎనలప్రిల్, రామిప్రిల్ మొదలైనవి. ఇవి కొందరికి, ముఖ్యంగా ఆడవారికి, రాత్రిళ్ళు తెరలుతెరలుగా పొడిదగ్గు తెస్తాయి. మీ అంతట మీరు మానవద్దు. డాక్టరుతో చెబితే వేరే రకం మార్చి ఇస్తారు. మిశ్రీతో పళ్ళు తోముకునే అలవాటున్నవారు, గంజాం వైపు అడ్డపొగ తాగే పెద్దవారు, గొంతు బొంగురు మూడు వారాలు దాటితే గొంతు డాక్టరుకు చూపించుకోవలసిందే.

ఇక భాష సంగతి. మనలో చాలామందికి ఉన్న ఊరి భాష తెలుగంత బాగా వచ్చు. అయినా ఒంటి బాధ మాత్రం తల్లి దగ్గర నేర్చిన మాటలలోనే నోటికి వస్తుంది. షోలాపూరు, పూనా వైపువారు గురకను “ఘోరణే” అనీ, ఊపిరి ఆగుతున్నదనడానికి “శ్వాస కోండతో” అనీ, “పాళీ బంద్ ఝాలీ” అనీ చెబితే డాక్టరుకు అర్థమవుతుంది. తమిళనాట “కురట్టై”, “మూచ్చు తిణరల్”, “మాదవిలక్కు”. బెంగుళూరు వైపు “గొరకె”, “ఉసిరు కట్టుత్తె”. ముట్టు కన్నడంలోనూ ముట్టే గనుక చిక్కు లేదు. బరంపురం వారికి గురక “ఘుంగుడి”, బహిష్టు “ఋతుస్రావ”. యానాంలో డాక్టరుకే తెలుగు వచ్చు. సిగ్గు మాత్రం అక్కడా వున్నది.

నోట రాకపోతే కాగితం మీద వ్రాసుకొని వెళ్ళండి. వయస్సు, ముట్టు ఆగిన నెల, రాత్రి ఎన్ని గంటలకు మెలకువ వస్తున్నది, పుల్లగా వుంటున్నదా, ఆవిర్లు వస్తున్నవా, వేసుకునే మాత్రల పేర్లు – ఇంతే. వెంట కోడలినో, కూతురినో, తోడికోడలినో తీసుకువెళ్ళండి. కొడుకు వాకిట్లో కూర్చోవచ్చు. పక్కన పడుకునేవారిని ఒక రాత్రి మేలుకొని వినమనండి. అన్నిటికంటె ముఖ్యం, ఊపిరి సంగతి తేలకముందు నిద్రమాత్ర అడగవద్దు. కొన్ని నిద్రమాత్రలు గొంతు కండరాలను మరింత సడలించి, లేవవలసిన మనిషిని లేవనివ్వవు.

జబ్బు తేలితే దానికి వైద్యం వున్నది. ఒక రాత్రి ఆసుపత్రిలోనో, చిన్న యంత్రం ఇచ్చి ఇంట్లోనో నిద్రను పరీక్షిస్తారు. మధ్యరకం, తీవ్రం అయినవారికి ముక్కుకు తొడుగు పెట్టి గాలిని మెత్తగా లోపలికి తోసే యంత్రం ఇస్తారు. 1981లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో కోలిన్ సల్లివన్ అనే వైద్యుడు దీనిని కనిపెట్టాడు. ఆ గాలి ఒత్తిడికి గొంతు మూసుకోదు. ధర వేలలో వున్నది, తేలిక కాదు. తక్కువ జబ్బు అయితే బరువు తగ్గడం, వెల్లకిల పడుకోకపోవడంతోనే కొంత సర్దుకుంటుంది. హార్మోను మాత్రలు ఆవిర్లకు ఇస్తారుగాని ఈ జబ్బుకు మందుగా వాడరు.

కొన్నిటికి మాత్రం రేపటివరకు ఆగకూడదు. ఊపిరాడకపోవడంతోపాటు ఛాతీ బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, చల్లచెమట వచ్చినా, పడుకుంటే ఆయాసం వచ్చి కూర్చుంటే తగ్గుతూ కాళ్ళు వాచినా, పెదవులు, నాలుక హఠాత్తుగా ఉబ్బినా “ఆవిర్లేలే” అనుకోవద్దు. ఆడవారి గుండెపోటు చాలాసార్లు ఆయాసంగానే మొదలవుతుంది. వెంటనే 108కి ఫోను చేయండి.

షోలాపూరు ఇల్లాలు మొదటి వారం ఆ తొడుగు పీకి అవతల పారేసిందట. ముక్కుకు తాడు వేసిన ఎద్దులాగా వున్నానని ఏడ్చిందట కూడా. రెండో వారం కోడలు కొంచెం వదులు చేసి పెట్టింది. ఇప్పుడు నాలుగు గంటలకు గాని మెలకువ రావడం లేదనీ, చాట ముందు తూగడం పోయిందనీ ఆ అమ్మాయి మాకు చెప్పింది. తాయెత్తు ఇంకా మెడలోనే వున్నదట. వుండనివ్వండి.

ఈ విషయమై జాబు వ్రాయదలచిన సోదరీమణులు పేరు వ్రాయనక్కరలేదు. వయస్సు, ఊరు వ్రాస్తే చాలును.