గోడ మీది ముఖం ఎవరిది?

మా లోవర్ హట్‌లో ఈ వారమంతా ఒకటే గాలి, వాన. బట్టలు బయట ఆరేసే ఆశ వదిలేసి, హీటర్ పక్కన కూర్చుని ఇది రాస్తున్నాను. ఈసారి వంట కాదు, మొక్కలూ కాదు. మా హాల్లో గోడకున్న ఒక చెక్క ముఖం గురించి.

మాకు బాగా దగ్గరైన ఒక అక్క ఈమధ్య కెన్యా సఫారీకి వెళ్ళొస్తూ నాకో మాస్క్ తెచ్చింది. మూరెడు పొడవు, నల్లటి పాలిష్, సన్నటి కళ్ళు, నుదుటి మీద ఎర్రపూసల వరస. వెనకాల "మసాయి మాస్క్, చేతిపని" అని చిన్న చీటీ. చూడగానే నచ్చేసి, మా చేర్యాల ముఖాల జంట పక్కనే మేకు కొట్టి తగిలించాను.

మా అమ్మాయి ఇయర్ ఫోర్. ఇంట్లోంచి ఏదైనా ఒక వస్తువు తెచ్చి, దాని గురించి ఐదు వాక్యాల కార్డు రాయమన్నారు బడిలో. ఈ మాస్కే తీసుకెళ్తానంది. "అమ్మా, మసాయి వాళ్ళు దీన్ని ఎప్పుడు పెట్టుకుంటారు?" అనడిగింది. పొయ్యి మీద దోసె మాడుతోంది. "యుద్ధానికి వెళ్ళేటప్పుడు. శత్రువు భయపడాలి కదా" అనేశాను. అది బుద్ధిగా రాసేసుకుంది.

రాత్రి గిన్నెలు సర్దుతుంటే ఆ మాట మనసులో మెదిలింది. బీఎస్సీ చదివిన బుద్ధి ఊరుకోదు కదా! మాస్క్ దించి చూశాను. కళ్ళకు రంధ్రాలు లేవు, గాట్లు మాత్రమే. వెనకవైపు చదునుగా ఉంది, ముఖం పట్టేంత గుంట లేదు. తాడు కట్టుకునేందుకు అంచుల్లో చిల్లులు లేవు. పైన మాత్రం గోడకు తగిలించే కొక్కెం ఉంది. దీన్ని పెట్టుకుని యుద్ధానికి వెళ్తే ఎదుటివాడేం కనబడతాడు? అంటే ఇది పుట్టిందే గోడ కోసం.

మర్నాటి నుంచి చదవడం మొదలుపెట్టాను. తెలిసిందేమిటంటే, మసాయి వాళ్ళకు చెక్క మాస్కులు చెక్కే సంప్రదాయమే లేదు. వాళ్ళు పశువులతో బతికే జనం. యువకులు తలకూ ఒంటికీ ఎర్రమట్టి పూసుకుంటారు, జడలు పెంచుతారు. ఎవునోతో అనే వేడుకలో, యోధుడి దశ దాటుతున్న కొడుకు జుట్టును తల్లే గొరుగుతుంది. ఆ భాగం చదువుతూ కాసేపు ఆగిపోయాను. తూర్పు ఆఫ్రికాలో మాస్కులకు పేరున్నది మకొండె వాళ్ళు. వాళ్ళది టాంజానియా, మొజాంబిక్ ప్రాంతం. వాళ్ళ మాపికో మాస్కులు నాట్యంలో నిజంగా తలకు తొడుక్కునేవి.

మరి ఈ "మసాయి మాస్కులు" ఎక్కడివి? కెన్యాలో టూరిస్టులకు అమ్మే చెక్క బొమ్మల్లో చాలావరకు చెక్కేది కంబా అనే మరో తెగవాళ్ళు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో వమున్యు అనే ఊరికి చెందిన ముతిస్య ముంగె టాంజానియా వైపు వెళ్ళి, అక్కడి పనివాళ్ళను చూసి చెక్కడం నేర్చుకుని వచ్చాడట. ఆయన నుంచి ఊరికీ, ఊరి నుంచి చుట్టుపక్కలకీ ఆ పని పాకింది. మొంబాసాలో వాళ్ళ సహకార సంఘం 1963 నుంచీ ఉంది. మసాయి పేరు ప్రపంచానికి తెలుసు, కంబా పేరు తెలియదు. అందుకే చెక్కింది ఒకరు, చీటీ మీద పేరు ఇంకొకరిది.

చెట్టు సంగతి కూడా చెప్పాలి. ఎబొనీ లాంటి గట్టి చెక్కలు పెరగడానికి దశాబ్దాలు పడతాయి. చెక్కేవాళ్ళు పెరిగి ఆ చెట్లు తరిగిపోతుంటే, త్వరగా పెరిగే చెట్ల వైపు మళ్ళారు. వాటిలో ముఖ్యమైనది ఏమిటో తెలుసా? మన వేప! స్వాహిలీలో దాన్ని "ము‌వారొబైని" అంటారు, నలభై జబ్బులకు మందు అనే అర్థంలో. మా ఊరి గుడి ముందున్న చెట్టు అక్కడ బొమ్మల బతుకుదెరువు అయిందన్నమాట.

నేను చెప్పింది తప్పని మా అమ్మాయితో ఒప్పుకున్నాను. దాని ముఖం చిన్నబోయింది. "అయితే ఇది ఫేకా?" అంది. "కాదు నాన్నా. ఎవరో కూర్చుని ఉలితో చెక్కారు, అది నిజమే. పేరు మాత్రం తప్పు" అన్నాను. ఒక నిమిషం ఆలోచించి పక్కనున్న చేర్యాల ముఖాలు చూపించింది. "మరి మనవి? అవి ఎవరివి?"

నా దగ్గర జవాబు లేదు. పెళ్ళైన కొత్తలో అమ్మ సూట్‌కేసులో పెట్టింది, ఏడేళ్ళుగా గోడ మీద ఉన్నాయి, అంతే.

ఆ శనివారం వాన తెరిపిస్తే డౌస్ ఆర్ట్ మ్యూజియానికి వెళ్ళాం. అక్కడ నుకు తేవాతేవా అనే పాతక ఉంది. పాతక అంటే స్తంభాల మీద నిలబెట్టిన చెక్క గాదె. మావోరీలు తమకంటూ ఒక రాజును నిలబెట్టుకోవాలనుకుంటున్న కాలంలో, ఆ ఉద్యమానికి మద్దతుగా వి తాకో ంగాతాతా అనే నాయకుడు 1856లో మన నైనై దగ్గర కట్టించింది. మావోరీ సభా మందిరమైతే మొత్తం ఒక పూర్వీకుడి శరీరమే. ముందు శిఖరాన ఉన్న ముఖం ఆయనది, ముందు వాలు పలకలు ఆయన చేతులు, నడిమి దూలం వెన్నెముక, వాసాలు పక్కటెముకలు. మా దగ్గరే వైవేతు మరాయిలో 1960లో తెరిచిన మందిరం ఉంది. అలాంటి చోట ఆ ముఖాన్ని మాస్క్ అనకూడదని మా అమ్మాయికి చెప్పాను. అది ఆ ఇంటివాళ్ళ తాత.

ఇంటికొచ్చి అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ పుట్టిల్లు జనగామ దగ్గర పల్లె, చేర్యాల ఎంతో దూరం కాదు. "ఆ ముఖాలెక్కడివే అమ్మా?" అంటే నవ్వింది. "గవ్వా? శిల్పారామంల కొన్న. గని మా చిన్నప్పుడు పటమోళ్లు ఊర్లెకొస్తుండె బిడ్డా. గింత పొడుగు పటం కట్టి, దీపం వెట్టి, తెల్లందాక కథ చెప్తుండె. మా నాయిన వడ్లు కొలిచి ఇస్తుండె. నేను బొమ్మలు చూసుకుంటనే నిద్రవోతుంటి."

ముప్ఫై ఏళ్ళు దాటాయి నాకు. అమ్మ ఈ మాట ఎప్పుడూ చెప్పలేదంటే, నేను ఎప్పుడూ అడగలేదు.

చేర్యాలలో నకాషీ కుటుంబాలు ఆ పటాలు గీసేవి. ఒక్కో కులానికి దాని పురాణం, దాన్ని చెప్పే కళాకారులు వేరు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చుల వాళ్ళు పటం కాకుండా బొమ్మలనే నిలబెట్టి ఆడించేవారు. అవి తేలికైన పొణికి చెక్కవి. మా గోడ మీది ముఖాల్లాంటివి కొబ్బరిచిప్ప మీద రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి మెత్తి, రంగులేసి చేస్తారు. కథ చెప్పించుకునే ఊళ్ళు తగ్గాక ఆ చేతులే గోడల కోసం చిన్న ముఖాలు చేస్తున్నాయి. అంటే మావి కూడా కొనుక్కునేవాళ్ళ కోసం పుట్టినవే! కాకపోతే వాటి వెనక అమ్మ నిద్రపోయిన రాత్రులు ఉన్నాయి.

ఇక అక్కకి చెప్పాలా వద్దా? ప్రేమగా తెచ్చిన బహుమతి. రెండు రోజులు నాన్చి, టీకి పిలిచి చెప్పాను. కాస్త నొచ్చుకుంది. తర్వాత తన మణికట్టు చూసుకుని, "మరి ఇది? ఒక మసాయి ఆవిడ తనే గుచ్చి, తనే నా చేతికి కట్టింది" అంది. పూసల కడియం. ఎరుపు, తెలుపు, నీలం. పూసలు గుచ్చడం మసాయి ఆడవాళ్ళ పని, తల్లి నుంచి కూతురికి వచ్చే విద్య. నిజంగా మసాయిది ఏమిటో అక్క చేతికే ఉంది, గోడకు కాదు.

చివరికి మా అమ్మాయి రెండు కార్డులు రాసింది. మొదటిదానిలో "ఇది కెన్యాలో చెక్కారు. చెక్కినవాళ్ళ పేరు మాకు తెలియదు" అని ఉంది. రెండోదానిలో అమ్మమ్మ పేరు ఉంది.

ఒక చిన్న మాట. న్యూజీలాండ్‌కు చెక్క, కొబ్బరిచిప్ప, గింజలతో చేసినవి ఏవి తెచ్చినా ఫారంలో తప్పకుండా డిక్లేర్ చేయండి. చెప్పకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. చెబితే పురుగు ఉందేమో చూసి, లేకపోతే చాలావరకు ఇచ్చేస్తారు.

ఈ వారాంతం ఇండియాకు ఫోన్ చేసినప్పుడు, మీ గోడ మీదున్నవాటి గురించి అమ్మనో అత్తయ్యనో ఒక్కసారి అడగండి. ఏం చెప్పారో నాకూ రాయండి. ఉంటాను మరి, బట్టలు ఆరాయేమో చూడాలి.