గోవా నుంచి తెచ్చుకోవాల్సింది జీడిపప్పు ఒక్కటే కాదు

గోవా వెళ్ళొచ్చిన వాళ్ళింటికి వెళ్ళి చూడండి. జీడిపప్పు పొట్లాలు, ఒక టోపీ, ఫోన్ నిండా సముద్రం ఫోటోలు. అక్కడ ఏం తిన్నారని అడిగితే మాత్రం, "మనకు సరిపడలేదండీ, ఆంధ్రా భోజనం దొరికే హోటల్ వెతుక్కున్నాం" అంటారు. ఇంకొందరైతే రైస్ కుక్కర్, పచ్చడి సీసాలు మోసుకెళ్ళి గదిలోనే అన్నం వండుకున్నామని గొప్పగా చెప్తారు. ఆ అన్నం వండింది ఎవరో నేను అడగక్కర్లేదు, మీరు చెప్పక్కర్లేదు.

నా మాట సూటిగా చెప్తాను. ఊరెళ్తే ఇల్లాలికి వంటింటి నుంచి సెలవు దొరకాలి. ఆ ఊరివాళ్ళు తినేది ఆమె కూడా కూర్చుని తినాలి. అది నచ్చితే ఇంటికి తెచ్చి తనకోసం వండుకోవాలి. ఇందులో నా ఉదాహరణ గోవా సాసేజ్. అది పంది మాంసంతో చేస్తారు. తినని వాళ్ళతో నాకు ఏ పేచీ లేదు, మీకు నచ్చిన ఇంకో వంటకాన్ని ఆ చోట పెట్టుకుని చదవండి.

సాసేజ్ అనగానే మనకు గుర్తొచ్చేది సూపర్ మార్కెట్ ఫ్రీజర్‌లో ఉండే చప్పటి, మెత్తటి గొట్టాలు. గోవాలో చోరీస్ అనేది అలాంటిది కాదు. పంది మాంసం, కొవ్వు చిన్న ముక్కలుగా కోసి ఉప్పు పట్టిస్తారు. కాశ్మీరీ మిరపకాయలు, వెల్లుల్లి, అల్లం, మసాలా దినుసులు కల్లు వెనిగర్‌తో నూరి అందులో ఊరబెడతారు. తర్వాత పేగుల్లో కూరి, దారంతో ముడులు వేసి, ఎండలోనో పొగలోనో ఆరబెడతారు. మాపుసా శుక్రవారం సంతకు వెళ్తే ఎర్రటి పూసల దండల్లా వేలాడుతుంటాయి. అమ్మేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఎలా వండాలని అడిగితే బేరం పక్కనపెట్టి చెప్తారు. పెద్ద హోటల్ మెనూ కార్డులో ఆ సంగతులు దొరకవు.

ఆ తయారీ వింటుంటే మీకు ఆవకాయ గుర్తురాలేదూ? ఉప్పు, కారం, పులుపు, ఎండ: నిలవ ఉంచే లెక్క ఒకటే. వానాకాలంలో గోవాలో పడవలు సముద్రంలోకి వెళ్ళవు, చేపలు తగ్గిపోతాయి. ఆ రోజులకోసం ఎండలున్నప్పుడే సాసేజ్ పెట్టుకునేవారు. మనం వేసవిలో వడియాలు పెట్టుకున్నట్టు, ఎండుచేపలు, ఎండు తునకలు దాచుకున్నట్టు. ఏ ఊళ్ళోనైనా వానాకాలం గురించి ముందుగా ఆలోచించేది వంటింట్లో ఉన్న మనిషే.

"అది పరాయివాళ్ళ తిండి కదా" అంటారు కొందరు. నిజమే, పోర్చుగీసువాళ్ళు 1510 నుంచి 1961 వరకు గోవాను పాలించారు, సాసేజ్ వాళ్ళతోనే వచ్చింది. కానీ మన ఆవకాయలో మిరపకాయ కూడా పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చిందే! దాన్ని మనదిగా చేసుకున్నది మన వంటిళ్ళు. గోవావాళ్ళూ అంతే, వాళ్ళ కల్లు వెనిగర్, మిరపకాయలు వేసి సాసేజ్‌ను తమది చేసుకున్నారు.

ఇక వండటం చాలా సులువు. దారం తీసేసి, పైపొర చీల్చి లోపలి ముక్కలు బయటికి తీయండి. నూనె వద్దు, దాని కొవ్వే కరిగి చాలినంత వస్తుంది. వెనిగర్ ఉంది కాబట్టి అల్యూమినియం గిన్నె వద్దు, స్టీలుదో మట్టిదో తీసుకోండి. ఉల్లిపాయలు ఎక్కువగా కోసి వేసి, కాసిని నీళ్ళు పోసి, మూతపెట్టి సన్నటి సెగ మీద ముక్క పూర్తిగా ఉడికేదాకా ఉంచండి. పంది మాంసం పచ్చిగా ఉండిపోకూడదు. ఉప్పు మాత్రం చివర్లో రుచి చూశాకే, చాలాసార్లు అసలు అక్కర్లేదు. ఘాటు ఎక్కువైతే బంగాళాదుంప ముక్కలు వేయండి, పులుపూ కారమూ అవి పీల్చుకుంటాయి. గోవాలో పావ్‌లో పెట్టుకుని తింటారు. ఆ ఎర్రటి కొవ్వులో బియ్యం వేయించి పులావ్ చేసినా బాగుంటుంది. నేను మన సోనా మసూరితోనే చేస్తాను, పక్కన ఉల్లిపాయ పెరుగుపచ్చడి.

మా అత్తయ్యగారు పంది మాంసం ముట్టరు. అందుకని దీనికి వేరే బాణలి, వేరే గరిటె పెట్టుకున్నాను, ఆవిడ వంట ముందు అయిపోయాకే ఇది పొయ్యెక్కుతుంది. "నువ్వు తినవే, నాకు నా పప్పుచారు చాలు" అంటారు. మా ఆయనకు పులుపు ఎక్కువైందనిపిస్తుంది, పిల్లలకు కారం. ఉండనివ్వండి! ఇరవై రెండేళ్ళుగా ఎవరికి ఏది ఇష్టమో నాకు నిద్రలో లేపినా తెలుసు. ఆయనకు గుత్తివంకాయ, పెద్దాడికి రొయ్యలు, చిన్నదానికి పెరుగు వడ. నాకేది ఇష్టమని అడిగిన వాళ్ళు లేరు, నేనూ చెప్పింది లేదు. ఇప్పుడు నాకూ ఒక వంటకం ఉంది. నెలకో ఆదివారం అది నాకోసం వండుతాను, మిగతావాళ్ళు కావాలంటే వడ్డించుకుంటారు.

సాసేజ్ కథల్లో నాకిష్టమైన మనిషి ఒకావిడ ఉంది. బెర్లిన్‌లో హెర్టా హాయ్‌వర్ అనే ఆవిడ చిన్న తిండి బడ్డీ నడిపేది. 1949లో, యుద్ధం తర్వాత ఆ ఊరు ఇంకా శిథిలాల్లో ఉన్నప్పుడు, దొరికిన టమాటా సాస్‌లో కూర పొడి కలిపి, వేయించిన సాసేజ్ మీద పోసి అమ్మింది. అదే ఇవాళ జర్మనీ అంతా తినే కర్రీవుర్స్ట్. ఆ సాస్‌కు 'చిల్లప్' అని పేరు కూడా రిజిస్టర్ చేయించుకుంది. బడ్డీ ఉన్నచోట ఆవిడ పేరుతో ఇప్పుడు ఫలకం ఉంది. ఇలాంటి ప్రయోగాలు మనం రోజూ చేస్తాం. వాటికి మన పేరు పెట్టుకోవడమే మనకు రాదు.

ఒక మాట మాత్రం దాచను. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ఇలా నిలవచేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని చెప్పింది. అందుకే తొందరగా అయిపోతుందని పిల్లల లంచ్ బాక్సులో రోజూ సాసేజ్ పెట్టడానికి నేను పూర్తిగా వ్యతిరేకం. ఉప్పూ కొవ్వూ కూడా తక్కువేం కాదు. ఫ్రీజర్ ప్యాకెట్ కొంటే వెనకవైపు చదవండి, ఏది ఎక్కువుంటే దాని పేరు ముందు రాస్తారు. మాంసం కన్నా ముందు ఇంకేదైనా ఉంటే అక్కడే పెట్టేయండి. ఎప్పుడో ఒకసారి తినేది మంచిదే తినాలి కదా.

కాబట్టి ఈసారి ప్రయాణం పెట్టుకుంటే రైస్ కుక్కర్ ఇంట్లో వదిలేయండి. అత్తగారికో పిల్లలకో అన్నం తప్పదంటే, పెరుగన్నం ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది, లేదా వండే వంతు ఇంకొకరికి ఇవ్వండి. మీరు సంతకు వెళ్ళండి, అక్కడి ఆడవాళ్ళను అడగండి, రుచి చూడండి. నచ్చింది రెండు కవర్లలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టి తెచ్చుకోండి. మీ ఇంట్లో మీ పేరు చెప్పుకునే వంటకం ఒక్కటైనా ఉండాలి.