తెర మీద వాన

వాన వెలిశాక వీధిలో కాగితం పడవ వదిలి, దాని వెంట పరుగెత్తని బాల్యం ఒకప్పుడు అరుదు. ఏ అరుగు దగ్గర పడవ మలుపు తిరిగిందో, ఏ గుంటలో ఆగిందో చూసిన బిడ్డకు తన వీధి వాలు తెలిసిపోయేది. ఇప్పుడు వీధులకు సిమెంటు పరిచాం. చినుకు పడగానే పిల్లల్ని లోపలికి పిలుస్తున్నాం. నీటి దారి చదవడం వాళ్లకు మరెక్కడ అబ్బుతుంది?

ఆ చదువు చెప్పే సాధనాలు మన చేతికి అందేంత దూరంలోనే ఉన్నాయి. ఎంత వాన కురిసింది, ఎంత ఇంకింది, ఏ కాల్వ ఎక్కడ పొంగుతుంది అనే లెక్క తేల్చే ఎస్‌డబ్ల్యూఎంఎం సాఫ్ట్‌వేర్‌ను అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1971లోనే తెచ్చింది. జర్మన్ ఏరోస్పేస్ సెంటర్ తయారుచేసిన ‘సుమో’ ఊరి రోడ్ల మీది రాకపోకలను తెరపై నడిపి చూపుతుంది. బడిపిల్లలకు ఇంకా తేలికైనది 1999లో యూరీ విలెన్‌స్కీ రూపొందించిన ‘నెట్‌లోగో’. మూడూ ఉచితమే.

హెక్టారు నేల మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 10 లక్షల లీటర్ల నీరు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు 200 ఒకేచోట కుమ్మరించినట్టు. తెర మీద ఆ నేలను మట్టిగా ఉంచితే నీరు కొంత ఇంకి, మిగిలింది నెమ్మదిగా కదులుతుంది. సిమెంటుగా మారిస్తే దాదాపు అంతా ఒక్కసారిగా కాల్వ మీద పడుతుంది. చెరువును చెరిపేసి చూస్తే మునిగే వీధులు పెరుగుతాయి. వాన అదే, మారింది నేల. పాఠ్యపుస్తకంలో పేజీలకొద్దీ చెప్పినా ఎక్కని సంగతి ఇక్కడ కంటికే కనబడుతుంది.

ట్రాఫిక్ పాఠమూ ఇలాంటిదే. జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయ పరిశోధకులు 230 మీటర్ల గుండ్రటి బాటలో 22 కార్లను ఒకే వేగంతో నడిపించారు. 2008లో వెలువడిన ఆ ప్రయోగంలో సిగ్నల్ లేదు, ప్రమాదం లేదు. అయినా జామ్ పుట్టింది. ఒకరు కాస్త తగ్గితే వెనకవారు ఇంకాస్త తగ్గారు, చివరికి కొందరు ఆగిపోయారు. తప్పు ఏ ఒక్కరిదీ కాదు, కష్టం మాత్రం అందరిదీ.

నీరు పల్లం చూసుకుని పోతుంది, దానికి వేరే దారి లేదు. మనిషికి ఉంది. వాన సాయంత్రం అందరూ ఒకే వేళకు బయల్దేరితే ఏమవుతుందో, కొందరు గంట ఆగితే ఏమవుతుందో తెర మీద పక్కపక్కనే చూసిన విద్యార్థి రేపు రోడ్డెక్కినప్పుడు ఆ సంగతి మరిచిపోడు.

అయితే తెరకు మన వీధి దానంతటదే తెలియదు. నాలాలో చిక్కుకున్న ప్లాస్టిక్ సంచులు, పూడుకుపోయిన తూము మనం చెబితేనే దాని లెక్కలోకి వస్తాయి. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాద్‌ను ముంచెత్తాక మోక్షగుండం విశ్వేశ్వరయ్య వానల లెక్కలు, ఎగువ చెరువుల గండ్లు పరిశీలించాకే జలాశయాలు సూచించారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ పరిశీలన ఫలాలే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడలోని సింగ్ నగర్‌ను రోజుల తరబడి నీళ్లలో ఉంచింది. ఎగువన పడిన గండి దిగువన ఎవరి గడప తొక్కుతుందో అక్కడి పిల్లలు అనుభవంతో తెలుసుకున్నారు. మిగతా పిల్లలైనా పాఠంగా తెలుసుకోవాలి.

ఉపాధ్యాయులు ఈ ఏడాది ఒక్క వీధినైనా పాఠంగా తీసుకోవాలి. వాన వెలిశాక పిల్లలు గోడల మీది నీటి గుర్తులు కొలిచి, ఆ అంకెలతో నమూనా కట్టాలి. నగరపాలక సంస్థలు నాలాల పటాలు, వాటి కొలతలు బడులకు ఇవ్వాలి. తన ఇంటి ముందు నీరు ఎటు పోతుందో తెలిసిన బిడ్డ పెద్దయ్యాక ఆ దారికి అడ్డంగా గోడ కట్టదు.