కనుమను జయించిన దెవరు?

మొన్న మా పట్టణ పఠనమందిరమున నొక యువకుడు తన లడఖు యాత్రా చిత్రములను పదిమందికి జూపుచుండెను. నీలి యాకాశము, మంత్రాక్షరములు గల రంగుగుడ్డల తోరణములు, దుమ్ము గప్పిన మోటారు సైకిలు, దాని ప్రక్క చేతులు చాచి నిలిచిన యతడు. వెనుక నొక పసుపుపచ్చని ఫలకము: ఖార్దుంగ్ లా, 18,380 అడుగులు. "జయించి వచ్చితిని, బాబాయిగారూ!" అని మాతో ననెను. ఆ ముఖమందలి కాంతిని జూచి మేమును సంతసించితిమి. కాని వృత్తిచేత న్యాయవాదులము. సాక్ష్యము కంటబడినచో అడ్డుప్రశ్న వేయక యుండలేము.

ఆ ఫలకము చెప్పునది నిజము కాదు. ఇటీవలి కొలతల ప్రకారము ఆ కనుమ యెత్తు 17,582 అడుగులే. తక్కిన ఎనిమిదివందల అడుగులను ఎవరో గాలిలో గట్టిరి. ఆ యబద్ధమునే చొక్కాలపైనను, పింగాణి గిన్నెలపైనను అచ్చొత్తించి యమ్ముచున్నారు, మనవారు కొనుచున్నారు. 1976లో దారి వేయబడి, 1988లో సామాన్య ప్రజల వాహనములకు విడువబడిన యా కనుమకు దొంగ యడుగులు చేర్చనిదే గౌరవము లేదా? ఎత్తొక్కటియే ప్రతిష్ఠకు కొలమానమైనచో ఆ ప్రతిష్ఠ నిలుచునది కాదు. ఉమ్లింగ్ లా దారి 19,024 అడుగులతో 2021లో గిన్నిసు గ్రంథమున కెక్కెను. 2025లో మిగ్ లా కనుమకు 19,400 అడుగుల దాక దారి చేరెను. నిన్నటి విజేత నేడు పరాజితుడు!

అట్లని మేము సాహసమును నిరసించు పెద్దల పక్షమున లేము. ఇంట గూర్చుండి అరచేతిలోని ఫోనులో లోకమును జూచుటకంటె, ఎముకలు కదలునట్లు ఒక కనుమ నెక్కుట వేయిరెట్లు మేలు. మనాలి నుండి లేహ్ వఱకు గల దారిలో బరాలాచా లా, లాచుంగ్ లా, తంగ్లంగ్ లా అను కనుమలు ఒకదాని వెనుక నొకటి యెదురగును. నడుమ గాటా మలుపులని పిలువబడు ఇరువదియొక్క మెలికలు గలవు. తారు చాలవఱకు పడినది గాని, మంచు కరగిన చోట్లను, కొండచరియలు విఱిగిన చోట్లను గులకఱాళ్లే దిక్కు. అచ్చట బలవంతుని బలము పనికిరాదు. పిడిని బిగించి పట్టినవాడు పడును. వదులుగా బట్టి, కాలిమెట్లపై లేచి నిలిచి, మోకాళ్లతో టాంకిని నొక్కి, చూపును ముందుచక్రము క్రింది ఱాతిపై గాక చాల దూరమున నిలిపినవాడు సాగిపోవును. బండిని తన క్రింద కొంత కదలనిచ్చినగాని అది నిలువదు. (ఈ విద్యను మేము కళాశాల విడిచిన క్రొత్తలో అరకు కనుమదారిని, అప్పుడే పోసిన కంకరపై ముందు బ్రేకు నొక్కి, మోచేతి చర్మమును రుసుముగా చెల్లించి నేర్చితిమి. మచ్చ నేటికిని గలదు.) ఇక వాగులు. తెల్లవాఱుజామున చీలమండ లోతున నుండు వాగు, పగటి యెండకు మంచు కరగి సాయంకాలమునకు మోకాలు దాటును. ప్రొద్దెక్కి లేచువానిని అచ్చట ప్రకృతియే శిక్షించును.

అయితే మా భయము పడిపోవుటను గూర్చి కాదు, ఊపిరిని గూర్చి. 16,500 అడుగుల యెత్తున వాయుపీడనము సముద్రతీరమున నుండు దానిలో సగమునకు కొంచెమే యెక్కువ. పెట్రోలు నిండుగ నున్నను గాలి చాలక ఇంజనుకే ఆయాసము కలుగును. మనుష్యుని మాట చెప్పనేల? పదివేల అడుగులు దాటిన పిదప రాత్రి పడుకొను తావును దినమునకు సుమారు 1,600 అడుగులకంటె నెక్కువ పెంచరాదని వైద్యులు చెప్పుచున్నారు. లేహ్ పట్టణమే 11,500 అడుగుల యెత్తున నున్నది. అచ్చట విమానము దిగినవాడు రెండు దినములైన విశ్రమింపవలెను. మనవారో? కార్యాలయమువారు దయతో నిచ్చిన తొమ్మిది దినముల సెలవులో పోక, రాక, నాలుగు కనుమలు! తలనొప్పి వచ్చినచో మాత్ర మ్రింగి మఱింత యెక్కుదురు. నడక తడబడినను, కూర్చుండియున్నను ఆయాసము తగ్గకున్నను, తక్షణము క్రిందికి దిగుటయే మొదటి చికిత్స. వెనుకకు మఱలినవాడు పిఱికివాడను మాట మన యువకులలో నెట్లు ప్రబలెనో కాని, అది ప్రాణములను దీయు మాట.

మేము వేసిన రెండవ ప్రశ్న వేఱు. "ఈ దారి నెవరు వేసిరి, నాయనా?"

"మిలిటరీవారు గదండీ."

అది సగము నిజము. 1960లో స్థాపింపబడిన సరిహద్దు రహదారుల సంస్థ ఆ దారులకు కర్త. దాని యధికారుల దక్షతకు మేమును నమస్కరింతుము. కాని ఱాయి కొట్టినది, తట్ట మోసినది, తారు కాచినది చాలవఱకు ఝార్ఖండులోని సంతాల్ పరగణాల నుండి, ముఖ్యముగ దుమ్కా ప్రాంతము నుండి యేటేట వచ్చు కూలీలు. మంచు నెఱుగని పల్లెల మనుష్యులు. మన యువకుడు నాలుగు దినములు పీల్చి గొప్పగా జెప్పుకొనుచున్న గాలిని వారు నెలల తరబడి పీల్చుచు, ఆ గాలిలోనే గునపము వేయుదురు. 2020లో కరోనా దిగ్బంధమున లడఖులో చిక్కువడిన కూలీలలో 60 మందిని మే నెల చివర లేహ్ నుండి రాంచీకి విమానమున దెచ్చిరి. పదునైదు దినములు గడచెనో లేదో, జూను 13న దుమ్కా నుండి 1,600 మందికి పైగా కూలీలతో ప్రత్యేక రైలు లడఖు పనులకు బయలుదేరెను. గల్వాను లోయలో నెత్తురు చిందినది మఱి రెండు దినములకే. ఆ యేటనే మధ్యవర్తులను తొలగించి, కూలి నేరుగా కూలివాని బ్యాంకు ఖాతాకే చేర్చవలెనని ఝార్ఖండు ప్రభుత్వము పట్టుబట్టెను. అట్లు పట్టుబట్టవలసి వచ్చినదన్నచో అంతవఱకు నా కూలి యే దారిని బోయెనో చదువరులే యూహింపగలరు. వలసవచ్చిన కూలికి వలసభృతియు, రాకపోకల వ్యయమును ఈయవలెనని 1979 నాటి చట్టము అప్పటికి నలుబదియేండ్లుగా చెప్పుచునే యుండెను. చట్టము పుస్తకమున నుండుట వేఱు, కొండమీద నుండుట వేఱు. ఇది మా వృత్తివారికి క్రొత్త సంగతి కాదు.

యువకుడు కొంతసేపు ఊరకుండి, ఫోనులో వెదకి మఱియొక చిత్రమును జూపెను. బండి చక్రమున కావల, చిత్రపు టంచున సగము తెగి, ముఖమునకు గుడ్డ చుట్టుకొనిన యొక మనుష్యుడు, ప్రక్క ఱాళ్లకుప్ప. "పేరడుగలేదండీ" అని మెల్లగా ననెను. మేమతనిని నిందింపలేదు. ఆ ఫలకము అతనికి అడుగుల సంఖ్యను నేర్పెను గాని ఇది నేర్పలేదు.

మేము కోరునది స్వల్పము. ఫలకముపై సంఖ్యను దిద్దవలెను. దాని క్రింద దారి వేసిన సంవత్సరమును, వేసినవారు వచ్చిన జిల్లాల పేర్లను వ్రాయవలెను. వెళ్లువారు రెండు దినములు ఎక్కువ సెలవు తీసికొనవలెను. దొరకనిచో ఒక కనుమను తగ్గించుకొనవలెను. ఎఱ్ఱజెండా పట్టి బండి నాపు కూలివానిపై హారను మ్రోగింపక, దిగి, ఏ యూరని అడుగుటకు హిందీలో రెండు మాటలు చాలును.

మా పఠనమందిరమున లడఖు పటమును గోడకు దగిలించి, కనుమల యెత్తులను సరియైన యంకెలతో సిరాతో వ్రాయించితిమి. దుమ్కా యా పటములో లేదు. అందుచే ప్రక్కన భారతదేశ పటమును గూడ దగిలింపవలసి వచ్చినది. జూనులో బయలుదేరు యువకులు ఒకసారి వచ్చి చూచిపోవుదురు గాక.